డాగ్మా అనే మాటను చిల్లర మాదిరి ఖర్చు పెట్టవద్దు

పోస్టు పొడుగైంది. ఓపిక ఉన్నవారు నిదానంగా చదవండి. లేనివారు రేపు చదవండి. సగం చదివి జవాబు మాత్రం పెట్టవద్దు.

పోయిన వారం మన గ్రూపులో జరిగిన వాదన అందరూ చూసినారు. మన కథోలిక సభ్యుల ఇంట్లో ఒక పెద్దామె కాలం చేసినారు. సమాధుల తోటలో కొత్త గుంటకు చోటు లేదన్నారు. పిల్లలు దహనం చేయించి, భస్మాన్ని ఆ తోటలోనే చిన్న గూటిలో పెట్టినారు. పూజ జరిగింది, గురువుగారు వచ్చినారు, ప్రార్థన అయింది. ఆ మీద మన పెద్దమనిషి ఒకరు, దహనం కథోలిక డాగ్మాకు విరుద్ధం, ఆమెకు ఉత్థానంలో పాలు లేదు అని గ్రూపులో రాసినారు. తల్లి పోయిన పదో నాడు బిడ్డలు చదవవలసిన మాటా అది? దానికి మన కుర్రవాడొకడు, డాగ్మా గీగ్మా ఏమీ లేదు అంకుల్, రోముకు తోచినప్పుడల్లా మారుస్తారు, ఉత్థానం కూడా రేపు మారుస్తారు అని జవాబిచ్చినాడు. హిందూ సభ్యులు పాపం ఇద్దరికీ దండం బొమ్మలు పెట్టి పక్కకు తప్పుకున్నారు.

ఒకరు అరవై దాటినవారు, ఇంకొకరు ముప్పై దాటనివాడు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ఒకే మాట అంటున్నారు. శ్రీసభ చెప్పేవన్నీ ఒకే తూకం అని. పెద్దాయనకు అన్నీ ఇనుము. కుర్రవాడికి అన్నీ కాగితం. రెండూ కాదు. ఇద్దరిలో ఎక్కువ కీడు చేసేది పెద్దాయన మాటే అని నా అభిప్రాయం. ఎందుకో కింద చెప్తాను.

నేను వేదాంత పండితుణ్ణి కాను. దక్షిణ రైల్వేలో గుమాస్తాగా రిటైరైనవాణ్ణి. బడి తమిళ మీడియం, జ్ఞానోపదేశం కూడా తమిళంలోనే. తెలుగు అక్షరాలు మా నాన్న దగ్గర నేర్చుకున్నవి. ఆ తమిళ ఉపదేశంలో రెండు మాటలు ఉండేవి: కోట్పాడు ఒకటి, ఒళుంగు ఒకటి. నమ్మవలసిన సత్యం కోట్పాడు. నడుచుకోవలసిన క్రమం ఒళుంగు. ఈ రెండూ వేరు అని పదేళ్ళ పిల్లలకు నేర్పించినారు. అరవై ఏళ్ళకు ఎట్ల మరిచిపోయినామో తెలియదు.

డాగ్మా అంటే, ఇది దేవుడు బయలుపరచిన సత్యం అని శ్రీసభ తన పూర్తి అధికారంతో, ఇక తిరుగు లేదని, విశ్వాసులందరి ముందు పెట్టిన సత్యం. ఈ షరతులు అన్నీ కలవాలి. క్రీస్తు తండ్రితో ఒకే స్వభావం కలవాడు అని 325లో నిసెయా మహాసభ చెప్పింది, అది డాగ్మా. ఆయన నిజంగా దేవుడు, నిజంగా మనిషి అని 451లో కాల్సెడోన్ మహాసభ చెప్పింది, అదీ డాగ్మా. మరియమాత జన్మపాపం లేకుండా ఉద్భవించింది అని 1854లో తొమ్మిదవ భక్తినాథ పోపుగారు ప్రకటించినారు. ఆమె శరీరంతో మోక్షానికి చేరింది అని 1950లో పన్నెండవ భక్తినాథ పోపుగారు ప్రకటించినారు. పోపుగారు ఏ షరతులతో మాట్లాడితే తప్పు రాదో 1870లో మొదటి వాటికన్ మహాసభ రాసిపెట్టింది. ఆ తర్వాత ఇన్నేళ్ళలో ఆ అధికారాన్ని ఒక పోపు అందరికీ తెలిసేటట్టు వాడింది ఒక్క 1950లోనే. పోపుగారు విమానంలో విలేకరులతో అన్న మాట డాగ్మా కాదు. బిషప్పు గారి ఉత్తరం డాగ్మా కాదు. మన పెద్దమనిషి వాట్సాప్ అసలే కాదు.

రైల్వేవాళ్ళకు ఇది చెప్పడం సులువు. మా దగ్గర జనరల్ రూల్స్ అని ఒకటి, సబ్సిడియరీ రూల్స్ అని ఒకటి ఉంటాయి. మొదటిది దేశమంతా ఒకటే. రెండోది ఆయా రైల్వే తన అవసరానికి రాసుకునేది, అది మొదటిదాన్ని కాదనడానికి లేదు. దాని కింద ఆ స్టేషను పని రూల్స్. కరెక్షన్ స్లిప్పులు వస్తూనే ఉంటాయి, గుమాస్తా జిగురు పెట్టి అంటించుకుంటూ పోవాలి. స్లిప్పు అంటించినంత మాత్రాన రైల్వే లేచిపోయిందని ఎవరూ అనుకోరు. ఈ పోలిక చివరిదాకా నడవదు, ఎందుకంటే జనరల్ రూల్స్ కూడా ఢిల్లీవాళ్ళు మార్చగలరు. డాగ్మాను మార్చే ఢిల్లీ లేదు. పోపుకు కూడా ఆ అధికారం లేదు.

ఇప్పుడు దహనానికి వస్తాం. డాగ్మా ఏది? శరీరం తిరిగి లేస్తుంది అనేది. విశ్వాస ప్రమాణంలో ప్రతి ఆదివారం చెప్పేదే. పాతిపెట్టాలా, కాల్చాలా అనేది అందులో ఎక్కడా లేదు. 1886లో రోము దహనాన్ని నిషేధించింది, నిజమే. అప్పట్లో ఐరోపాలో కొందరు ఉత్థానాన్ని ఎగతాళి చేయడానికే దహనాన్ని ప్రచారం చేసేవారు. ఆ ఉద్దేశానికి అడ్డుగా పెట్టిన నిషేధం అది. 1963లో దాన్ని సడలించినారు. 1983 ధర్మశాస్త్రం, పాతిపెట్టడమే మేలని చెప్తూనే, విశ్వాసానికి విరుద్ధమైన ఉద్దేశం లేకుంటే దహనానికి అడ్డు లేదని రాసింది. 2016లో ఇంకొక సూచన వచ్చింది: భస్మాన్ని ఇంట్లో పెట్టుకోవద్దు, గాలిలో నీళ్ళలో కలపవద్దు, పవిత్రమైన చోట ఉంచండి అని. ఆ పిల్లలు సరిగ్గా అదే చేసినారు. పెద్దాయన కంటే వాళ్ళకే రూలు బాగా తెలుసు.

ఇంకొక సంగతి. ఫ్రాన్సు దేశంలో జోన్ అనే పిల్లను 1431లో సజీవంగా కాల్చి, బూడిదను సేన్ నదిలో పోసినారు. ఆమెను శ్రీసభ 1920లో పునీతురాలిగా ప్రకటించింది. 1920 అంటే దహనం మీద నిషేధం పూర్తిగా అమలులో ఉన్న కాలం. అంతకు ముందు 177లో లియోన్ పట్టణంలో వేదసాక్షుల శరీరాలను కాల్చి రోన్ నదిలో కలిపినారు, వీళ్ళు తిరిగి ఎట్ల లేస్తారో చూద్దాం అని. అట్ల అన్నవారు హింసించినవారు. ఆ మాటనే ఈ రోజు మన కథోలిక పెద్దమనిషి ఒక చనిపోయిన తల్లి గురించి అంటున్నారు. ఎవరి పక్క నిలబడినారో ఆయనే చూసుకోవాలి.

రోము ఎట్ల మారుతుంది, ఎంతవరకు మారుతుంది అనేదానికి మన గడ్డ మీదే మంచి ఉదాహరణ ఉంది. 1606లో రాబర్ట్ ది నోబిలి అనే ఇటలీ దేశపు గురువు మదురైకి వచ్చినారు. అప్పుడు మదురైని ఏలుతున్నది మన తెలుగు నాయకులే. ఆయన తమిళం, తెలుగు, సంస్కృతం నేర్చుకున్నారు. కాషాయం కట్టినారు, మాంసం మానినారు. క్రైస్తవులైన బ్రాహ్మణులు జంధ్యం, పిలక, చందనం మానక్కరలేదన్నారు. ఆయనతో ఉన్న పోర్చుగీసు గురువే, ఇది విగ్రహారాధన అని పైకి ఫిర్యాదు రాసినారు. గోవా ఆర్చిబిషప్పు ఫిర్యాదు పక్కన, కొడుంగల్లూరు ఆర్చిబిషప్పు నోబిలి పక్కన నిలబడినారు. పదేళ్ళకు పైగా తగువు నడిచింది.

1623లో పదిహేనవ గ్రెగరీ పోపుగారు తీర్పు ఇచ్చినారు. జంధ్యం, పిలక, చందనం, స్నానాలు, వీటిని మూఢనమ్మకం తీసివేసి ఉంచుకోవచ్చు అని. అయితే అందులో ఒక షరతు ఉంది. రోము మళ్ళీ విచారించి వేరే ఏర్పాటు చేసేదాకా అని. ఆ ఒక్క షరతు చూస్తే చాలు. డాగ్మాలో అటువంటి షరతు ఉండదు. క్రీస్తు దేవుడు, మళ్ళీ విచారించేదాకా, అని ఏ మహాసభా రాయలేదు.

విచారణ మళ్ళీ వచ్చింది. 1704లో తూర్నోన్ అనే పోపు ప్రతినిధి పుదుచ్చేరిలో పదహారు అంశాలతో ఆజ్ఞ వేసినారు. పిళ్ళైయార్ బొమ్మ ఉన్న తాళి వద్దు, పెళ్ళిలో కొబ్బరికాయ కొట్టడం వద్దు, ఇట్ల చాలా వద్దులు. 1744లో పద్నాలుగవ బెనెడిక్ట్ పోపుగారు దాన్ని ఖాయం చేసినారు. ఇక్కడికి వచ్చే గురువులందరూ ఆ ఆజ్ఞకు కట్టుబడతామని ప్రమాణం చేయాలి. ఆ ఆజ్ఞ అంతా చెడ్డదని నేను అనను. దళితుల ఇళ్ళలో రోగులుంటే గురువు వాళ్ళ గడప దాటి లోపలికి పోయి సంస్కారాలు ఇవ్వాలి అని కూడా అందులోనే ఉంది. అంతకు ముందు పోకుండా ఉండేవారు, పోతే పై కులాలవారు మతం వదిలిపోతారని భయం. కొబ్బరికాయను ఆపింది కూడా ఆ కాగితమే, ఆ గడప దాటించింది కూడా ఆ కాగితమే.

1940లో ఆ ప్రమాణాన్ని రోము ఎత్తివేసింది. 1969లో భారతదేశానికి పన్నెండు అంశాలు ఒప్పుకుంది: పూజలో నేల మీద కూర్చోవడం, చేతులు జోడించి నమస్కరించడం, కొవ్వొత్తులకు బదులు నూనె దీపాలు, హారతి మొదలైనవి. అంటే 1623లో సరే, 1744లో కాదు, 1940లో సర్దుబాటు, 1969లో మళ్ళీ సరే. ఈ మూడు వందల నలభై ఆరేళ్ళలో విశ్వాస ప్రమాణంలోని ఒక్క వాక్యం కూడా మారలేదు. నోబిలి చదివిన విశ్వాస ప్రమాణమే తూర్నోన్ చదివినారు. దీన్ని చూసి కూడా ఏదీ మారదు అనేవారు గుడ్డివారు, అన్నీ మారుతాయి అనేవారు తొందరవారు. మన ఉగాది కార్యక్రమంలో దీపం వెలిగించడం డాగ్మాకు విరుద్ధం అని లేచిపోయే సభ్యులు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. వారి కోసం ఈ భాగం కొంచెం విడమరిచి రాసినాను.

పెద్దాయన మాటే ఎక్కువ కీడు అని ఎందుకన్నానో ఇప్పుడు చెప్తాను.

మా మేనత్తకు మూడో కాన్పులో పుట్టిన మగబిడ్డ రెండో రోజే పోయినాడు. జ్ఞానస్నానం కాలేదు. బిడ్డను సమాధుల తోట గోడకు బయట, ముళ్ళకంప పక్కన పాతిపెట్టించినారు. జ్ఞానస్నానం లేని బిడ్డ లింబోకు పోతుంది, దేవుని ముఖం ఎన్నటికీ చూడదు, ఇది వేద సత్యం అని ఆ ఊరి ఉపదేశి ఆమెకు చెప్పినాడు. మా అత్త ప్రతి నవంబరు 2న, ఆత్మల పండుగనాడు, లోపల అందరి సమాధుల మీద పూలు పెట్టి, తర్వాత గోడ బయటకు పోయి ఒక్క పువ్వు పెట్టి వచ్చేది. మోక్షంలో కూడా వాడు నాకు కనబడడు కదా అని అడిగేది. నలభై ఏళ్ళు అడిగింది. 1998లో పోయింది.

లింబో ఏనాడూ డాగ్మా కాదు. జ్ఞానస్నానం అవసరం అనేది శ్రీసభ సత్యం. జన్మపాపం ఉందనేది సత్యం. ఆ రెండిటి నుంచి మధ్యయుగపు పండితులు ఊహించి కట్టుకున్న గది లింబో. బిడ్డలను నరకంలో పెట్టలేక, మోక్షంలో పెట్టే ధైర్యం లేక కట్టినది. గోడ బయట పాతిపెట్టడం 1917 ధర్మశాస్త్రపు రూలు నుంచి వచ్చింది. 1983 ధర్మశాస్త్రం, తల్లిదండ్రులు జ్ఞానస్నానం ఇప్పించాలని అనుకుని ఉంటే, బిషప్పు అనుమతితో అటువంటి బిడ్డకు శ్రీసభ అంత్యక్రియలు జరపవచ్చునని రాసింది. 1992 సత్యోపదేశ గ్రంథం ఆ బిడ్డలను దేవుని కరుణకు అప్పగించింది. 2007లో రోములోని వేదాంత పండితుల సంఘం, లింబో ఒక అభిప్రాయమే తప్ప డాగ్మా నిర్వచనాలలో ఎన్నడూ చేరలేదని, ఆ బిడ్డల రక్షణ కోసం ఆశించడానికి బలమైన కారణాలున్నాయని రాసింది.

మా అత్త పోయేనాటికి 1992 పుస్తకం వచ్చి ఆరేళ్ళు. ఆమెకు ఎవరూ చెప్పలేదు. అభిప్రాయాన్ని డాగ్మా అని అమ్మినవాడు ఒక తల్లి దగ్గర నలభై ఏళ్ళు తీసుకున్నాడు. అందుకే పెద్దాయన పోస్టు చూసి నాకు ఒళ్ళు మండింది.

కుర్రవాడికి కూడా నాలుగు మాటలు. బాబూ, లాటిన్ పోయి తెలుగు, తమిళ పూజ వచ్చింది కదా, అర్ధరాత్రి నుంచి పచ్చి నీళ్ళు కూడా ముట్టకుండా సత్ప్రసాదం తీసుకునే ఉపవాసం 1957లో మూడు గంటలై, 1964లో ఒక గంట అయింది కదా, కాబట్టి అన్నీ మారుతాయి అంటావు. ఉపవాసపు గంటలు మారినాయి. సత్ప్రసాదంలో క్రీస్తు ఉన్నాడు అనేది మారిందా? గురువులకు పెళ్ళి వద్దనేది కూడా క్రమమే. తూర్పు సభలలో చాలావాటిలో పెళ్ళైనవారు గురువులవుతున్నారు, వాళ్ళూ కథోలికులే. పేతురుగారికి అత్తగారు ఉన్నట్టు సువార్తలోనే ఉంది. రేపు పోపుగారు ఆ క్రమాన్ని సడలిస్తే నాకు ఆశ్చర్యం లేదు. త్రిత్వంలో ముగ్గురు కాదు, ఇద్దరే అని ఏ పోపు అన్నా ఆయన పోపుగా నిలవడు.

వ్యవహారం రెండే డబ్బాలు అని కూడా అనుకోవద్దు. నడుమ పెద్ద చోటు ఉంది, కష్టమంతా అక్కడే. 2018లో మరణశిక్ష ఒప్పుకోదగినది కాదని ఫ్రాన్సిస్ పోపుగారు సత్యోపదేశ గ్రంథంలోని భాగాన్ని మార్పించినారు. అంతకు ముందు అరుదైన సందర్భంలో ఒప్పుకునేది. అది డాగ్మా కాదు, అట్లని ఉపవాసపు గంటల మాదిరి వట్టి రూలూ కాదు. నైతిక బోధ. అటువంటిచోట పండితులే వాదించుకుంటున్నారు, నేను తీర్పు చెప్పబోను. డాగ్మా కూడా రాయి మాదిరి పడి ఉండదు. దాని అర్థం పోదు, అర్థం చేసుకోవడం పెరుగుతుంది. న్యూమన్ పండితుడు 1845లో దీని మీదే పెద్ద పుస్తకం రాసినారు. డాగ్మాను చెప్పే మాటలు ఆ కాలపు పరిమితులకు లోబడి ఉండవచ్చు, చెప్పిన అర్థం మాత్రం నిలుస్తుంది అని 1973లో రోమే రాసింది. సభ వెలుపల రక్షణ లేదు అనే పాత మాటనే తీసుకోండి. అమెరికాలో ఫీనీ అనే గురువు దాన్ని మొరటుగా పట్టుకుని, కథోలికులు కానివారందరికీ ద్వారం మూసినారు. నువ్వు చెప్పే అర్థం సభ అర్థం కాదు అని 1949లో రోము ఉత్తరం రాసింది. రోముకు రమ్మంటే ఆయన పోలేదు, 1953లో బహిష్కరించినారు. పోపు కంటే గట్టి కథోలికుణ్ణి అనుకునేవారు ఈ కథ చదవాలి. మన పక్కింటి హిందూ సభ్యుని ముఖం చూసి మీకు రక్షణ లేదు అనే హక్కు డాగ్మా ఎవరికీ ఇవ్వలేదు.

ఒక ఆక్షేపణ వస్తుంది, నాకు తెలుసు. గుమాస్తాలు కూడా ఇది మారేది, ఇది మారనిది అని ఏరుకుంటే విధేయత ఏమవుతుంది అని. మా లైనులో కాషన్ ఆర్డర్ అని ఇస్తారు. ట్రాకు పని జరిగేచోట ఇరవై కిలోమీటర్ల వేగం మించవద్దు అని. డ్రైవరు దానికి కట్టుబడి తీరాలి, తాత్కాలికం కదా అని వందలో పోతే ఉద్యోగం పోతుంది, ప్రాణాలూ పోతాయి. అట్లని, ఈ చోట ఇరవై అనేది సృష్టి ఆది నుంచి ఉన్న సత్యం అని ఏ డ్రైవరూ ప్రమాణం చేయడు. క్రమానికి లోబడండి, క్రమంగా లోబడండి. నేను కూడా తపస్సు కాలపు శుక్రవారం మాంసం ముట్టను. తినేవాణ్ణి చూసి అవిశ్వాసి అనను, అంతే తేడా.

ఈ గందరగోళం ఎవరికి లాభమో కూడా చూడండి. తిరునెల్వేలి పక్క వడక్కన్‌కుళం కోవెలను నిజారు మాదిరి రెండు కాళ్ళుగా కట్టినారు, వెల్లాళులు ఒక కాలిలో, నాడార్లు మొదలైనవారు ఇంకొక కాలిలో, నడుమ పీఠం. అడిగితే సంప్రదాయం అన్నారు. 1910లో అక్కడి గురువుగారు అడ్డుగోడ తీయించినారు. వెల్లాళులు మద్రాసు హైకోర్టు దాకా పోయినారు, గోడ తిరిగి రాలేదు. సమాధుల తోటలలో కులాల మధ్య గోడలు మాత్రం మన తమిళనాడులో కొన్ని ఊళ్ళలో ఈ రోజుకీ నిలిచి ఉన్నాయి. శవాన్ని కాలిస్తే డాగ్మా పోయిందని రాసే పెద్దమనుషులు, శవాల మధ్య గోడ గురించి గ్రూపులో ఒక్క పోస్టు పెట్టగా నేను చూడలేదు. ఒకే జ్ఞానస్నానం అనేది విశ్వాస ప్రమాణంలో ఉంది, గోడ లేదు.

దహనం డాగ్మాకు విరుద్ధం అన్నవారు ఏ మహాసభ, ఏ సంవత్సరం అనేది ఇక్కడే కింద రాయండి, ఏ భాషలో ఉన్నా సరే. రాయలేకపోతే ఆ పోస్టు తీసివేసి, ఆ పిల్లల ఇంటికి పోయి రండి. నలభైయవ రోజు పూజ ఇంకా కాలేదు.